వాగు ఆగిపోయిన చోట

ఈ సంగతిని మా మావయ్యగారు, అంటే మా ఆవిడ నాన్నగారు, అంబాజీపేటలో తన కొబ్బరి కొట్టులో కూర్చుని నవ్వులాటగా చెబుతున్నారు. చెప్పిన ప్రతిసారీ అందులో భయం తగ్గి, హాస్యం పెరుగుతోంది. ఇంకొన్నాళ్ళకి జరిగింది మిగలదు. పైగా మా వైపు కుర్రాళ్ళు వీపున సంచులు తగిలించుకుని మెట్ట ప్రాంతాలకి నడకలకి వెళుతున్నారు. అందుకే రాసిపెడుతున్నాను.

రెండు వేల సంవత్సరం దాటాక, ఒక ఫిబ్రవరి. మా బావమరిది కర్నూలు వైపు ఒక పల్లెలో స్కూలు మాస్టారు. అతన్ని చూడ్డానికి నేనూ మావయ్యగారూ వెళ్ళాం. ఆ ఊరి వెనక పెద్ద గడ్డి లోయ ఉంది. దాన్ని చుట్టి వచ్చే కాలిబాటలో పొద్దున్నే నడిస్తే భోజనాల వేళకి తిరిగి రావచ్చని చెప్పాడు. తనకి బడి ఉంది. చెరో నీళ్ళ సీసా ఇవ్వబోతే మావయ్యగారు తనది వెనక్కిచ్చేశారు. నడకకి నీళ్ళు మోసుకెళ్ళడం ఆయనకి నామోషీ. మా వైపు ఎవరి గుమ్మం ముందు ఆగినా చెంబుడు నీళ్ళిస్తారు, తెలిసినవాళ్ళయితే కొబ్బరి బోండాం కొట్టిస్తారు.

నాకేమో ఆత్రం. పదో తరగతితో బడి మానేసినా, అమలాపురం గ్రంథాలయంలో భూగోళం బీరువా మొత్తం చదివినవాణ్ణి. పచ్చికబయళ్ళ గురించి చెబుతూనే ఉన్నాను. మావయ్యగారు "ఆయ్, ఆయ్" అంటూ విన్నారు.

లోయలోకి దిగాక బాట చీలింది. చీలినది మళ్ళీ చీలింది. అన్నీ గొర్రెలు తొక్కి చేసినవే. మోకాలెత్తు ఎండుగడ్డి, అక్కడక్కడా తుమ్మ కంప. వెనక్కి తిరిగి చూస్తే మేము వచ్చిన బాట ఏదో తెలియలేదు. అప్పుడు ఒక ఎండిన వాగు కనబడింది.

"దారి తప్పితే కాలవ పట్టుకోవాలండి, అల్లుడుగారూ. కాలవ ఊరికి తీసుకెళ్ళకుండా ఎక్కడికెళ్తుంది?" అన్నారాయన.

నా చదువూ అదే చెప్పింది. వాగులు నదుల్లో కలుస్తాయి, నదుల ఒడ్డున ఊళ్ళుంటాయి. ఇద్దరం ధీమాగా వాగులోకి దిగి పల్లానికి నడిచాం. ఎండ ముదిరింది. సీసా ఖాళీ అయింది. మావయ్యగారికి షుగరు. పొద్దున మాత్ర వేసుకుని రెండు ఇడ్లీలు తిన్నారంతే. ఆయన మాటలు తగ్గిపోవడం గమనించాను. అడిగితే బాగానే ఉన్నానన్నారు. చొక్కా వీపంతా తడిసిపోయింది.

వాగు వెడల్పయింది, లోతు తగ్గింది. ఒడ్డులు గడ్డిలో కలిసిపోయాయి. ఆ తర్వాత వాగే లేదు. నది లేదు, చెరువు లేదు, ఊరు లేదు. నీళ్ళ దారి దేనిలోనూ కలవకుండా మధ్యలో ఆగిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

మావయ్యగారు అక్కడే కూలబడ్డారు. మాత్ర వేసుకుని సరిగ్గా తినకపోవడంతో షుగరు పడిపోతోంది.

"కాలవ చివర ఏదో ఒకటి ఉండాలి కదండీ," అన్నారు నెమ్మదిగా. "మీరెళ్ళి ఎవర్నయినా తీసుకురండి. నేనిక్కడే ఉంటాను," అన్నారు.

లేచి చుట్టూ చూశాను. ఆనవాలు పెట్టుకుందామంటే ఒక చెట్టు లేదు, గట్టు లేదు. నాలుగు పక్కలా ఒకటే గడ్డి.

"నేను వెళ్తే ఈ చోటు మళ్ళీ గుర్తుపట్టలేనండి, మావయ్యగారూ."

ఆయన నా మొహంకేసి చూశారు. ఏం కనబడిందో, చెయ్యి చాచారు. లేపాను. పల్లం మమ్మల్ని మోసం చేసింది కనక, ఈసారి మెరకకే నడవాలనుకున్నాం. నా భుజం మీద చెయ్యి వేసి, పది అడుగులకోసారి ఆగుతూ వాలు ఎక్కారు. ఆయన్ని మాటల్లో ఉంచడానికి కొబ్బరి ధర అడిగాను. ఒకసారి తప్పు చెప్పారు. ధర తప్పు చెప్పే మనిషి కాదాయన. అప్పుడు నాకు ఏడుపొచ్చినంత పనయింది.

పైకెక్కాక రోడ్డు కనబడింది. దాని మీద దుమ్ము లేపుకుంటూ నాపరాళ్ళ లారీ ఒకటి వస్తోంది. తువ్వాలు ఊపుతూ, ఆయన్ని పట్టుకుని, ఎలా దిగానో తెలియదు.

ఎవరి పేరూ అడిగే స్థితిలో లేను కాబట్టి ఇలాగే నమస్కారాలు చెప్పుకుంటాను. లారీ ఆపి, తన నీళ్ళన్నీ ఇచ్చి, టీ కొట్టు దగ్గర దింపిన డ్రైవరుగారికి. మావయ్యగారి మొహం చూసి, అడక్కుండానే టీలో చక్కెర దండిగా వేసిన కొట్టావిడకి. బడి మధ్యలో వదిలి సైకిలు మీద మాకోసం తిరిగిన బావమరిదికి. అందరికంటే మావయ్యగారికి, అక్కడ నుంచి లేచినందుకు.