రెండుంబావుకి చేసిన సంతకం

ఆ రోజుల్లో నర్సుల గురించి మా వైపు జనానికి రెండే అభిప్రాయాలుండేవి. జ్వరం ఉన్నంతసేపూ మేము దేవతలం. జ్వరం తగ్గగానే, సంబంధం కలుపుకోవడానికి పనికిరాని పిల్లలం. ఆగిరిపల్లిలో గుడి అర్చకత్వం చేసుకునే మా నాన్నగారు, మా అమ్మ జబ్బులో ఒక నర్సమ్మ చేసిన సేవ చూసి నన్ను ట్రైనింగుకి పంపారు. తర్వాత ఊళ్ళోవాళ్ళ మాటలు వినీ వినీ ఒక షరతు పెట్టారు. "నీ పేరు నలుగురి నోళ్ళలో పడిందో, ఆ రోజే పెట్టె సర్దుకుని ఇంటికొచ్చెయ్యాలమ్మా!" సరేనన్నాను. ఇరవై రెండేళ్ళకి నూజివీడు చుట్టుపక్కల ఒక చిన్న ఆసుపత్రిలో, ఆడవాళ్ళ వార్డులో టెంపరరీ నర్సుగా చేరాను. (ఏ ఊరో చెప్పను. ఒకసారి చెప్పి పడ్డ పాట్లు చాలు.)

మామిడికాయల కాలం వచ్చిందంటే వార్డు కిటకిటలాడేది. సొన చిమ్మి మొహం పొక్కినవాళ్ళు, నెత్తిన బుట్టతోనే ఎండకి సోలిపోయినవాళ్ళు, వాళ్ళ వెంట వచ్చిన చుట్టాలు, చుట్టాలు తెచ్చిన రసాలు, రసాల మీద ఈగలు. పొద్దున ఆరింటికి వార్డులో అడుగుపెడితే మళ్ళీ సాయంత్రం దాకా నిలువుకాళ్ళ మీదే. కూర్చుందామంటే కుర్చీ ఏదీ? ఉన్న ఒక్కటీ డాక్టరుగారిది. ఆయన అందులో కూర్చోగా చూసినవాళ్ళు లేరు. ఆయన రౌండ్సుకి వస్తే వచ్చిన గాలి, వెళ్ళిన గాలి తప్ప మనిషి ఆగేవారు కాదు. మా హెడ్ సిస్టరు ఆయనకి 'మెయిలు బండి' అని పేరు పెట్టింది.

అలాంటి రోజుల్లో ఒక వారపత్రికలో ఎవరో పెద్దమనిషి నర్సుల మీద వ్యాసం రాశాడు. జడలో పువ్వు, మొహాన నవ్వు తప్ప మాకు వేరే పనేమీ లేదట. పైగా మాకు కుర్చీల్లో కూర్చుని కునికే అలవాటట! మిగతావన్నీ ఓర్చుకునేదాన్నేమో గాని, ఆ కుర్చీ మాట దగ్గర నాకు ఒళ్ళు మండిపోయింది. మర్నాడు మధ్యాహ్నం టెంపరేచర్లు చూడటం అయ్యాక, వార్డంతా కునుకు తీస్తుంటే, మందుల బీరువాకి కాగితాలు ఆనించి నిలబడే జవాబు రాసేశాను. మా కాళ్ళ వాపుల గురించి, సూదులు మరగబెట్టి మరగబెట్టి బొబ్బలెక్కిన వేళ్ళ గురించి, మేము ఎన్నడూ కూర్చోని ఆ కుర్చీ గురించి అన్నీ రాశాను. నాన్నగారి షరతు గుర్తుంది కనక పైన 'ఒక తెల్లచీర' అని కలం పేరు పెట్టాను. నా తెలివికి నేనే మురిసిపోతూ పోస్టులో వేశాను.

పత్రిక వచ్చిన రోజు హెడ్ సిస్టరు పరుగెత్తుకొచ్చింది. "ఒసే పిచ్చిమొహమా! కలం పేరు పెట్టుకున్నదానివి కింద అదేంటే?" చూద్దును కదా, వ్యాసం చివర నా అసలు పేరు, 'స్టాఫ్ నర్సు, ఆడవాళ్ళ వార్డు' అనీ, ఊరి పేరూ, 'మధ్యాహ్నం రెండుంబావు' అనీ వరసగా అచ్చయి ఉన్నాయి. ట్రైనింగులో మాకు నూరిపోసిన పాఠం అది. కాగితం మీద ఏం రాసినా అడుగున టైము వెయ్యాలి, సంతకం పెట్టాలి, లేకపోతే రాసినట్టే కాదు. నా చెయ్యి నన్నడక్కుండానే ఆ పని కానిచ్చేసింది. సంపాదకుడుగారు ఎంత శ్రద్ధ కలవారో, ఒక్క ముక్క వదల్లేదు.

అరగంటలో డాక్టరుగారు పత్రిక పట్టుకుని వార్డులోకి వచ్చారు.

"పర్మిషన్ లేకుండా పత్రికలకి రాయకూడదని తెలీదూ? అందులోనూ డ్యూటీలో ఉండి!"

"అప్పటికి టెంపరేచర్లన్నీ చూసేశానండీ. చార్టుల్లో టైము వేసి ఉంది" అన్నాను.

ఆయన నేను వ్యాసం రాసిన నాటి చార్టులన్నీ తిరగేశారు. ప్రతిదాని కిందా రెండు గంటలు, నా సంతకం. "ఈ కుర్చీ సంగతి నాతో చెప్పొచ్చుగా?" అన్నారు.

"మూడుసార్లు మీ వెనకాలే వచ్చానండీ. నేను 'కుర్చీ' అనేటప్పటికి మీరు మగవాళ్ళ వార్డులో ఉంటున్నారు."

హెడ్ సిస్టరు దగ్గు అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంది. డాక్టరుగారు మాత్రం నవ్వలేదు. కుర్చీ లాక్కుని, నాకు తెలిసి మొదటిసారి, అందులో కూర్చుని వ్యాసం మళ్ళీ మొదటినుంచి చదవడం మొదలుపెట్టారు. ఉద్యోగం ఊడుతుందో ఉంటుందో తేలకముందే గుమ్మంలో మా నాన్నగారు కనిపించారు. బస్సు దిగి తిన్నగా వచ్చినట్టున్నారు, కండువా నిండా దుమ్ము, చంకలో అదే పత్రిక. నా పైప్రాణాలు పైనే పోయాయి.

"పెట్టె సర్దుకోమంటారా నాన్నగారూ?" అన్నాను, ఏడుపు ఆపుకుంటూ.

"పెట్టెందుకే?" అని విసుక్కున్నారు. "పేరు వేశావు, ఊరు వేశావు, ఆఖరికి టైము కూడా వేశావు. ఇంటిపేరు వెయ్యడానికి ఏమొచ్చిందమ్మా? ఇది మా అమ్మాయి రాసిందయ్యా అని పొద్దుట్నించీ చదివి వినిపిస్తున్నాను. గుడికొచ్చినవాళ్ళలో ఒక్కడు నమ్మితే ఒట్టు!" అని డాక్టరుగారి వైపు తిరిగి చేతులు జోడించారు. "బాబూ, మీరైనా ఓ కాగితం రాసివ్వండి, ఈ పిల్లే రాసిందని."

డాక్టరుగారు నా మొహం చూశారు, నాన్నగారి మొహం చూశారు. నా చేత సంజాయిషీ రాయించడానికి తెచ్చిన తెల్లకాగితం ముందుకి లాక్కుని, మా ఇంటిపేరు అడిగి మరీ రాసిచ్చారు. సంజాయిషీ మాట మళ్ళీ ఎత్తలేదు. నెల తిరక్కుండా వార్డుకి రెండు స్టూళ్ళు వచ్చాయి. (చాలారోజులు వాటి మీద కూర్చుంటే ఏదో తప్పు చేస్తున్నట్టే ఉండేది.)

నాన్నగారు ఆ కాగితాన్ని మడతపెట్టి పంచాంగంలో దాచుకున్నారు. ఆయన పోయాక అది నా దగ్గరికి వచ్చింది. ఆ తర్వాత నేను చాలా రాశాను, ఇంటిపేరుతో సహా. ఇప్పుడు నాకు కావలసినన్ని కుర్చీలున్నాయి, కావలసినంత తీరికా ఉంది. ఏదన్నా అన్యాయం కనబడితే రాయాలనే అనుకుంటాను. ముందూ వెనకా ఆలోచిస్తాను, ఎవరేమనుకుంటారో అనుకుంటాను, రేపు చూద్దాంలే అనుకుంటాను. ఆ ఇరవై రెండేళ్ళ పిల్లయితే ఈపాటికి నిలబడే రాసి, పోస్టులో వేసొచ్చేది.