బావ చెవి

మా బావకు పొగరు. సౌండు పని చేసేవాళ్ళకు కాస్తో కూస్తో ఉంటుంది గానీ, మా అక్క మొగుడిది మరీ నెత్తికెక్కిన పొగరు. పెద్ద పెద్ద సినిమా హాళ్ళలో గోడలు అదిరేలా స్పీకర్లు బిగిస్తూ సగం జీవితం గడిపాడు. ఆ హాళ్ళు ఒక్కొక్కటే మూతపడ్డాక ఇళ్ళ మీద పడ్డాడు.

హాళ్ళలో తీసేసిన సౌండు ప్రాసెసర్లను సరదాపడి కొనుక్కుని, ఇంట్లో ఉన్న ఆంప్లిఫయర్‌కు తగిలించమనేవాళ్ళు ఉంటారు. ఆ రెండింటికీ పొత్తు కుదరదు. హాలు ప్రాసెసర్ గొంతు చించుకుని అరిచే రకం, ఇంటి ఆంప్లిఫయరేమో గుసగుసలకు అలవాటుపడ్డది. నేరుగా కలిపితే పాట ఆగాక కూడా స్పీకర్లోంచి సన్నటి బుస వస్తూనే ఉంటుంది. ప్రాసెసర్లో సౌండు తగ్గిస్తే పాట తగ్గుతుంది తప్ప బుస తగ్గదు. అందుకని బావ రెండింటి మధ్యా ప్రాసెసర్ జోరును తగ్గించే అగ్గిపెట్టెంత డబ్బా పెట్టి, దాని నాబ్ తిప్పుతూ, బుస పోయి పాట మిగిలే చోటు పట్టుకునేవాడు. అంతా చెవితోనే. మీటరు పెట్టి చూడొచ్చు కదా అంటే, "చెవుల్లేనివాళ్ళకిరా మీటర్లు" అనేవాడు.

ఈమధ్య ఆయన్ను పిలిచేవాళ్ళు తగ్గారు. పని చేయించుకున్నవాళ్ళే మళ్ళీ వచ్చి చూడమని సతాయించేవాళ్ళు. ఒకాయన ఆ డబ్బా పీకి మొహాన కొట్టినంత పని చేశాడు. "తిన్నది అరక్క వంకలు పెడుతున్నార్రా" అని బావ చిందులు తొక్కితే నేనూ వంత పాడాను.

పోయిన వారం పళ్ళ డాక్టరమ్మ ఇంట్లో పని. వైర్లు అందించడానికి నేనూ వెళ్ళాను. అంతా బిగించి, పాట ఆపి, బావ చేతులు దులుపుకున్నాడు.

"సూది పడ్డా వినపడుతుంది చూడండి మేడమ్."

ఆవిడ స్పీకర్ వైపు తల తిప్పి, "మరి ఆ బుస్సుమనే చప్పుడేంటండీ?" అంది.

"చప్పుడా? ఏం లేదే!"

"గదంతా వస్తోంది కదండీ."

బావ నవ్వుతూ నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పరా. వస్తోందా?"

తలుపు దగ్గర నిలబడ్డ నాకే చెవిలో జోరీగలా వినపడుతోంది. "వస్తోంది బావా" అన్నాను.

బావ మొహం మీద ఆ నవ్వు అలాగే ఉండిపోయింది. స్పీకర్‌కు ఒక చెవి ఆనించాడు. తర్వాత రెండోది ఆనించాడు. చూడలేక డాక్టరమ్మ లోపలికి వెళ్ళిపోయింది. తిరిగొచ్చేటప్పుడు దారిలో, "అయితే బుస పోలేదన్నవాళ్ళందరూ నిజమే చెప్పార్రా" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

చెవుల డాక్టరు, సన్నటి శబ్దాలు ఇక వినపడవన్నాడు. ఆ రోజే బావ డాక్టరమ్మను బతిమాలి సామానంతా ఇంటికి తెచ్చుకున్నాడు. ఇది కుదర్చలేకపోతే ఇక ఈ పని ముట్టుకోనన్నాడు. మరో పనేదీ ఆయనకు రాదు.

మధ్యాహ్నం అక్కను కుట్టుమిషన్ మీంచి లేపుకొచ్చి స్టూలు మీద కూర్చోబెట్టాడు. "బుస వినపడినంతసేపూ చెయ్యెత్తి ఉంచు. పోగానే దించు." నన్ను మాత్రం అడగలేదు. డాక్టరమ్మ ముందు పరువు తీశానని ఇంకా నా మీద గుర్రుగానే ఉన్నాడు.

నాబ్ తిప్పాడు. అక్క చెయ్యి దిగలేదు. ఇంకాస్త తిప్పాడు, వెనక్కి తిప్పాడు, మళ్ళీ ముందుకు తిప్పాడు. చూపంతా అక్క చేతి మీదే. ఎటు తిప్పుతున్నాడో ఆయనకే తెలియడం లేదు.

"దిగదేంటే?" అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అక్క చెయ్యి దించేసింది. "పోయిందండీ. ఇప్పుడు లేదు."

వెనక గోడ దగ్గరున్న నాదాకా బుస వస్తోంది.

బావ హమ్మయ్య అనుకున్నాడు. ఆ చోటు దగ్గర గీత పెట్టుకుందామని పెన్సిలు తీసుకుని డబ్బా మీదికి వంగాడు. గీత పెట్టకుండానే పెన్సిలు కింద పెట్టేశాడు.

"నాబ్ మొత్తం తెరిచి ఉంది" అన్నాడు. "ఇక్కడ డబ్బా దేన్నీ ఆపదు, బుస లేకపోవడమనేది ఉండదు."

అక్క తల దించుకుంది.

"నువ్వూ ఇలా చేస్తే నేనెవర్ని అడగనే?"

అక్క ఏడుస్తూ మళ్ళీ చెయ్యెత్తింది.