ఉప్పునీళ్ళకు ఉప్పు బస్తా

2022 మే నెల. ఆ ఏడు రాజమండ్రిలో ఎండ ఎలా ఉందంటే, కొట్టు షట్టరు ఎత్తడానికి తడిగుడ్డ పట్టుకోవలసి వచ్చేది. గోదావరి రేవులో మునిగినవాళ్ళు మెట్లెక్కేసరికే బట్టలు ఆరిపోయి, మునిగామో లేదో అని అనుమానం వచ్చి మళ్ళీ దిగేవారు. కాలువలు కట్టేశారు. డెల్టాలో ఏటా వేసవిలో మరమ్మతుల కోసం కాలువలకు నీళ్ళు ఆపేస్తారు. ఆ నెలన్నర రోజులూ పైరుకైనా మనిషికైనా బోరునీళ్ళే గతి. నాబోటివాడికి అదే సీజను.

నాది నీళ్ళ ఫిల్టర్ల వ్యాపారం. పెళ్ళిచూపులనాడు మా మామగారు, "పక్కన అంత గోదావరి పెట్టుకుని ఫిల్టర్లు ఎవరు కొంటారయ్యా?" అని అడిగారు. "గోదావరి రేవులో ఉంటుందండి, మూడో అంతస్తు గీజరులో ఉండేది బోరునీళ్ళండి" అన్నాను. ఆ జవాబుకే ఆయన పిల్లనిచ్చారు. అప్పటి నుంచి ఇరవై రెండేళ్ళుగా అపార్టుమెంట్లకూ, హాస్టళ్ళకూ, కల్యాణమండపాలకూ మిషన్లు బిగిస్తూనే ఉన్నాను.

మా వైపు ఒక మాట ఉంది, ఉప్పునీళ్ళు. సబ్బు నురగ రాకపోతే ఉప్పునీళ్ళు. కందిపప్పు ఉడకకపోతే ఉప్పునీళ్ళు. బకెట్టు అంచున తెల్లగా పెచ్చు కడితే ఉప్పునీళ్ళు. నాలుక మీద ఉప్పదనం ఉందా అని ఎవరూ చూడరు. నిజానికి ఆ తెల్లటిది సున్నం. నీళ్ళలో కాల్షియం ఎక్కువైతే దాన్ని హార్డ్ వాటర్ అంటారు. జనం ఉప్పు అంటారు, మేం సున్నం అని అర్థం చేసుకుంటాం, మిషను అమ్ముతాం. ఇన్నేళ్ళలో ఆ మాట వల్ల ఒక్క పేచీ రాలేదు. అన్ని పేచీలూ కలిసి సత్యవతిగారి రూపంలో ఒకేసారి వచ్చాయి.

సత్యవతిగారికి కడియం దగ్గర రెండెకరాల నర్సరీ. యాభై దాటిన మనిషి. తడిపిన న్యూస్‌పేపర్లో పసిబిడ్డను చుట్టినట్టు ఒక ఆకును చుట్టి తెచ్చి, నా బల్ల మీద విప్పారు. ఆంథూరియం అనే పూలమొక్క ఆకు. నిండా తెల్లటి మచ్చలు.

"ఉప్పునీళ్ళండి. కాలువ కట్టేశారు కదండీ, బోరు నీళ్ళే ఫాగర్లకి వదుల్తున్నాను. ఆకులన్నీ సున్నం కొట్టిన గోడల్లా అయిపోయినయ్యి."

ఫాగర్ అంటే నీటిని పొగమంచులా చిమ్మే చిన్న నాజిలు. ఎండ ఆపే షేడ్‌నెట్ వల కింద పెంచే మొక్కలకు వేసవిలో అదే ప్రాణవాయువు. నీళ్ళలో సున్నం ఉంటే నీరు ఆవిరై, సున్నం ఆకుమీద మిగిలిపోతుంది. నాజిళ్ళు కూడా పూడిపోతాయి.

"పిల్లమొక్కలైతే ఇంత కంగారు పడేదాన్ని కాదండి," అన్నారావిడ. "నలభై ఆరు తల్లిమొక్కలున్నాయి. పదకొండేళ్ళ నుంచి వాటి దగ్గరే పిలకలు తీస్తున్నాను. మా నర్సరీ అంతా వాటి సంతానమే. అవి పోతే మళ్ళీ మొదట్నించీ మొదలెట్టే వయసా అండి నాది?"

"మీరు నిశ్చింతగా ఉండండి. ఉప్పంతా లాగేస్తాను," అన్నాను.

సాఫ్ట్‌నర్ పెట్టమన్నాను. అది నిలువెత్తు ట్యాంకు. లోపల రెజిన్ అనే ఆవగింజలంత పూసలుంటాయి. నీళ్ళు వాటి మీదుగా పోతుంటే అవి సున్నాన్ని పట్టేసుకుంటాయి. పూసలు నిండిపోయాక ఉప్పునీళ్ళతో, అంటే ఈసారి నిజమైన ఉప్పు కలిపిన నీళ్ళతో కడిగితే, సున్నాన్ని వదిలేసి మళ్ళీ పనికి సిద్ధమవుతాయి. ఇందులో ఒక చిన్న ముక్క మిగిలింది. పూసలు సున్నాన్ని ఊరికే పట్టుకోవు. పట్టుకున్న సున్నానికి బదులుగా, తమలో ఉన్న ఉప్పులోని సోడియాన్ని నీళ్ళలోకి వదులుతాయి. ఆ సంగతి నాకు తెలియక కాదు. గీజరుకు దాంతో పనిలేదు గనక ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పవలసిన అవసరం రాలేదు. చెప్పకుండా ఉంచిన మాట చివరికి చెప్పవలసినవాడికే గుర్తు రాకుండా పోతుంది.

మూడోరోజు ఆటోలో ట్యాంకు, పైపులు, ఉప్పు బస్తా వేసుకుని నర్సరీలో దిగాను. అక్కడ అంటుకట్టే పెద్దాయన ఒకడున్నాడు, వీర్రాజు. అతను కట్టిన అంటు తప్పదని కడియం అంతా అంటారు. చీపురుపుల్లకు గులాబీ అంటుకట్టి పూలు పూయించాడని నేనంటాను. అతని చూపు ట్యాంకు మీద పడలేదు, బస్తా మీద పడింది.

"బాబుగారూ, అదేంటండి?"

"ఉప్పు."

"మొక్కలకాండీ?"

"మొక్కలకు కాదయ్యా, మిషనుకి."

"మిషన్లో నీళ్ళు మొక్కలకేగా అండి?"

"అది వేరే లెక్క వీర్రాజూ. సైన్సు."

"ఆయ్, సైన్సేలెండి. మా ఊళ్ళో గట్టు తగాదా వస్తే అవతలోడి చెట్టు మొదట్లో ఉప్పు పోస్తారు. అదీ సైన్సే గామోసు."

నేను నవ్వాను. అంతకన్నా తెలివితక్కువ నవ్వు ఉభయగోదావరి జిల్లాల్లో ఎవరూ నవ్వి ఉండరు.

సాఫ్ట్‌నర్ నీళ్ళు సీసాలో పట్టి, సబ్బు చుక్క వేసి ఊపితే నురగ సీసా మూతి దాటి నా మోచేతి దాకా వచ్చింది. వారం తిరిగేసరికి కొత్త మచ్చ లేదు, నాజిలు పూడలేదు. తుడిచిన ఆకుల్లో మొహం చూసుకుని గడ్డం గీసుకోవచ్చు. సత్యవతిగారు చుట్టుపక్కల చెప్పారు. మరో మూడు నర్సరీల వాళ్ళు నాకు ఫోన్ చేశారు. ఇంకో ఏడాదిలో కడియంలో ప్రతి గేటు ముందూ నా బోర్డు ఉంటుందని, అన్నవరం కొండెక్కి వ్రతం చేయించాలని మా ఆవిడతో కూడా అనేశాను.

ఇరవై నాలుగోరోజు పొద్దున్నే ఫోన్ వచ్చింది.

"ఒకసారి వచ్చి చూడు."

అంతే. మా జిల్లాల్లో కోపం వస్తే అరవరు. 'అండి' తీసేస్తారు. ఆ రెండక్షరాలు లేకపోయేసరికి నాకు చెమట పట్టింది. మే నెలలో అంతకుముందే పట్టిన చెమట కాదు, దాని మీద ఇంకో పొర.

వెళ్ళేసరికి సత్యవతిగారు షేడ్‌నెట్ కింద తల్లిమొక్కల మధ్య స్టూలు వేసుకుని కూర్చుని ఉన్నారు. ఆకుల మీద మచ్చల్లేవు. అంచులు మాత్రం ఎవరో చుట్టూ అగ్గిపుల్ల తిప్పినట్టు గోధుమరంగుకు మాడిపోయి ఉన్నాయి. నలభై ఆరు కుండీల్లో ఒక్కటీ తప్పించుకోలేదు. ఆవిడ ముందు రెండు గ్లాసులు, చేతిలో టీడీఎస్ మీటరు. నీళ్ళలో కరిగిన పదార్థాలన్నీ కలిపి ఎంత ఉన్నాయో చెప్పే పెన్ను లాంటి పరికరం అది. నా సంచిలోనూ ఒకటుంది. ఆ రోజు నురగ చూసిన సంబరంలో బయటికి తీయలేదు.

"ఇది బోరు నీళ్ళు. ఆరు వందల నలభై," అని మొదటి గ్లాసులో ముంచి చూపించారు. రెండోదాంట్లో ముంచారు. "ఇది నీ మిషను నీళ్ళు. ఆరు వందల యాభై. ఇన్నాళ్ళూ ఏం తీశావు?"

"సున్నం తీశానండి."

"తీస్తే తగ్గాలిగా. దాని జాగాలో ఏం పెట్టావు?"

నేను ట్యాంకు వంక చూశాను. ట్యాంకు నా వంక చూసింది.

"కుండీల్లో మట్టికి బదులు నింపడానికి కొబ్బరిపొట్టు వస్తుంది మాకు," అన్నారావిడ. "అందులో ఉప్పు ఉంటుంది. అలాగే వాడితే వేళ్ళు మాడతాయని కాల్షియం నైట్రేట్ నీళ్ళలో నానబెట్టి కడుగుతాం. కాల్షియం వెళ్ళి ఉప్పును బయటికి గెంటుద్ది. మేం ఇరవయ్యేళ్ళుగా చేసేది అదే. నువ్వు దాన్ని తిరగేసి చేశావు. కాల్షియాన్ని గెంటి ఉప్పు కూర్చోబెట్టావు. నేను సున్నాన్ని ఉప్పు అన్నాను, నాకు తెలీక. నువ్వు ఉప్పు లాగేస్తానన్నావు, నీకు తెలిసి."

మీటరు చెడిపోయిందనవచ్చు, ఎండదెబ్బ అనవచ్చు. నోరు తెరిచాను కూడా. ఎదురుగా నలభై ఆరు కుండీలు పంచాయతీ పెద్దల్లా కూర్చుని ఉన్నాయి.

"తప్పు నాదేనండి," అన్నాను. పెళ్ళయ్యాక ఆ మాట నేను ఇంటి బయట అనడం అదే మొదలు.

ఆవిడ మీటరు తుడిచి మూత పెట్టారు. "సరే. బతికించు," అన్నారు.

మిషను ఆపేశాను. కొవ్వూరులో ఒక కల్యాణమండపానికి వెళ్ళవలసిన ఆర్వో మిషనును, వాళ్ళ కాళ్ళు పట్టుకున్నంత పనిచేసి, మర్నాడు ఇటు తిప్పాను. ఆర్వోలో మార్పిడి ఉండదు. సన్నటి పొర గుండా నీటిని మాత్రమే బలవంతంగా తోస్తుంది. సున్నమూ ఉప్పూ రెండూ వెనకే నిలిచిపోతాయి. నీళ్ళు పట్టి మీటరు ముంచితే ఇరవై. వరుడి మెడలో పూలదండ సర్దిన మేనమామలా నిటారుగా నిలబడ్డాను.

"ఇరవయ్యా? ఇందులో ఏముందండి?" అన్నారు సత్యవతిగారు. 'అండి' తిరిగొచ్చింది. నా గుండె పదిహేను రోజుల సెలవు మీద వెళ్ళి వచ్చినట్టు మళ్ళీ డ్యూటీలో చేరింది.

"ఏమీ లేదండి. పరమ స్వచ్ఛం."

"ఏమీ లేనిది తాగి ఏం బతుకుతాయండి? మనకి సున్నం ఎక్కువైంది గానీ అక్కర్లేకపోలేదు. మూడు బకెట్లు దీనివి, ఒక బకెట్టు బోరుది, కలిపెయ్యండి."

కలిపాం. మీటరు నూట డెబ్బై అయిదు దగ్గర ఆగింది. ఆవిడ ముందు తల్లిమొక్కలన్నిటికీ పలచటి కాల్షియం నైట్రేట్ నీళ్ళు పోయించి, తరవాత కుండీ అడుగు నుంచి ధారగా కారేదాకా ఈ కలిపిన నీళ్ళతో కడిగించారు. వారంలో మూడుసార్లు అలా చేశాం. మూడుసార్లూ నేనే బకెట్టు మోశాను. ఎవరూ మొయ్యమనలేదు, ఎవరూ వద్దనలేదు.

ఆర్వో వెనక్కి వదిలేసే నీళ్ళలో సున్నమూ ఉప్పూ రెట్టింపు ఉంటాయి. ఆ పైపు ఎటు తిప్పాలా అని తల పట్టుకున్నాను. వీర్రాజు గట్టు మీది కొబ్బరిచెట్ల వైపు చెయ్యి చూపించాడు.

"కొబ్బరి మొక్క నాటేటప్పుడు గోతిలో ఉప్పు మనమే వేస్తాం గదండీ. అదైతే ఏదైనా తాగుద్ది. అటు పెట్టండి. ఇది మాత్రం సైన్సు కాదులెండి."

అటే పెట్టాను. సాయంత్రం ఆ మూడు నర్సరీలకూ ఫోన్ చేసి, సాఫ్ట్‌నర్ వద్దని చెప్పాను. వాళ్ళలో ఒకాయన, "అదేంటండి, అమ్మేవారు మీరే వద్దంటే ఇంకేదో గొప్ప సరుకు దాచారన్నమాట!" అని వారం రోజులు నన్ను వదల్లేదు.

జూన్‌లో కాలువ వచ్చింది. తొమ్మిది తల్లిమొక్కలు అప్పటికే పోయాయి. మరో పది రోజులు మిగిలినవి చావుకీ బతుక్కీ మధ్య ఊగాయి. జులై రెండో వారంలో వెళ్ళినప్పుడు సత్యవతిగారు నన్ను ఒక కుండీ దగ్గరికి తీసుకెళ్ళి, మాడిన పాత ఆకుల్ని పక్కకి జరిపారు. మధ్యలో చుట్ట చుట్టుకుని ఒక లేతాకు, సగం విప్పుకుంది. అంచు శుభ్రంగా ఉంది. ఆవిడ దాన్ని ముట్టుకోలేదు, నన్నూ ముట్టుకోనివ్వలేదు.

"ముప్ఫై ఏడూ లేచినయ్యండి," అన్నారు. "పిలకలు మాత్రం ఈ ఏడు తియ్యను. తేరుకోనీండి."

ఈ కేసు నాకు నేర్పింది ఇది: నీళ్ళలోంచి ఏం తియ్యాలో చెప్పడం ఎవరికైనా వచ్చు. ఏం మిగల్చాలో తెలిసినవాడే ఫిల్టరు ఎంచాలి. మొక్కల విషయంలో ఆ తెలిసినవాడిని నేను కాదు. అందుకని నర్సరీ వాళ్ళెవరు ఫోన్ చేసినా ముందు సత్యవతిగారి దగ్గరికి పంపుతున్నాను. ఆవిడ సరేనంటేనే నా మిషను ఆటో ఎక్కుతుంది. ఇప్పటిదాకా ఆరుగురిని పంపాను. నలుగురికి "మీ బోరుకి మిషను అక్కర్లేదు, వాననీళ్ళకి తొట్టి కట్టుకోండి చాలు" అని చెప్పి ఆవిడే వెనక్కి పంపేశారు. ఇద్దరికి ఆర్వో పెట్టాను. ఆ ఇద్దరి దగ్గరా మొక్కలు బతికే ఉన్నాయి. తొట్లు కట్టుకున్న ఆ నలుగురూ ఇంట్లో తాగే నీళ్ళకు మాత్రం ఫిల్టర్లు నా దగ్గరే కొన్నారు.