మడమల చప్పుడు

రెన్ షూలాన్‌కి ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. జోంగ్‌నాన్ కొండల్లో వెయ్ గురువమ్మ గుడికి వచ్చి చేరిన నాటినుంచీ అందరిదీ అదే ఫిర్యాదు. పిండి పిసికేది, కట్టెలు కొట్టేది, వాకిలి ఊడ్చేది, పని లేకపోతే ఊడ్చిన వాకిలే మళ్ళీ ఊడ్చేది. ధ్యానానికి కూర్చోబెడితే మాత్రం అగరుబత్తి సగం కాలకముందే ఒక కన్ను తెరిచి, ఇంకెంత మిగిలిందో చూసుకునేది. ఇలాంటి మనిషి దావో గుడిలో సన్యాసిని ఎలా అయిందని కింద ఊళ్ళోవాళ్ళు నవ్వుకునేవారు. నవ్వేవాళ్ళకేం తెలుసు? ఆ గుడిలో కూర్చోవడం ఎంత సాధనో, కదలడమూ అంతే సాధన.

గురువమ్మ దాన్ని వంట భాషలోనే చెప్పేది. పొట్ట కుండ, మనసు నిప్పు, ఊపిరి విసనకర్ర. కళ్ళు మూసుకుని కూర్చుంటే కుండలో మందు ఉడుకుతుంది. లేచి ఒళ్ళు కదిలిస్తే గరిటె పెట్టి కలిపినట్టు. కలపకపోతే అడుగంటుతుంది. నిప్పు లేకుండా ఊరికే కలుపుతూ ఉంటే ఎన్నేళ్ళకైనా పచ్చినీళ్ళే. అందుకని తెల్లవారుజామున కూర్చోవడం, ఎండ రాగానే వాకిట్లో నిలబడి ఎనిమిది కదలికలు చెయ్యడం, సాయంత్రం మళ్ళీ అదే వరస. ఆకాశాన్ని రెండు చేతులతో ఎత్తడంతో మొదలయ్యే ఆ కదలికలు మునివేళ్ళమీద లేచి ఏడుసార్లు మడమలు ధబ్బున నేలకి వదలడంతో ముగుస్తాయి. ఆ చప్పుడు వెన్నుపూసల్లోంచి తలదాకా పాకితే అప్పటిదాకా కూడబెట్టినది ఒళ్ళంతా సర్దుకుంటుందని గురువమ్మ నమ్మకం.

షూలాన్‌కి ఆ మడమల దెబ్బంటే ప్రాణం. బై జింగ్‌యువాన్‌కి అదే గిట్టేది కాదు.

జింగ్‌యువాన్ షూలాన్ కంటే ముందు గుడికి వచ్చింది, అందుకని అక్క. షియాన్ నగరంలో బట్టల మిల్లులో మగ్గాల మధ్య నిలబడి పెరిగిన మనిషి. చుట్టూ రొద, పొద్దస్తమానం కాళ్ళమీద నిలుపు. కొండమీదికి వచ్చిన మొదటిరోజు గురువమ్మ చాప పరిచి కూర్చోమంటే కూర్చుంది, మధ్యాహ్నం భోజనానికి పిలిచినా లేవలేదు. దాహంతో వచ్చినవాడికి బావి కనిపించినట్టయింది ఆవిడకి. ఆ తర్వాత ఆవిడని చాప మీదినుంచి లేపడమే గుడిలో అందరికీ ఒక పని.

"ఒకదానికి కాలు నిలవదు, ఇంకోదానికి కాలు కదలదు. మీ ఇద్దర్నీ కలిపి కుడితే ఒక మంచి శిష్యురాలు వచ్చేదే," అనేది గురువమ్మ. అని, షూలాన్‌ని కూర్చోమనేది, జింగ్‌యువాన్‌ని కదలమనేది. ఇద్దరూ సరేననేవారు. ఎవరికి వచ్చింది వాళ్ళు చేసుకునేవారు.

షూలాన్ జీవితంలో ఒక మచ్చ ఉంది. కొత్తలో ఒక సాయంత్రం గురువమ్మ గాఢంగా ధ్యానంలో ఉన్నప్పుడు, పక్కనే వంటింట్లో ఇనప కుండమూత జారవిడిచింది. గురువమ్మ ఉలిక్కిపడి లేచింది. ఆ రాత్రే జ్వరం, తర్వాత చలికాలమంతా దగ్గు. కిటికీ సందులోంచి వచ్చిన చలిగాలేనని గురువమ్మే స్వయంగా చెప్పింది. అయినా ఎవరు వింటారు? లోతుకి వెళ్ళిన మనిషిని అదాటున లేపితే ఊపిరి చెదిరి ప్రాణం మీదికి వస్తుందని ఆ కొండల్లో పసిపిల్లలకి కూడా తెలుసు. పక్క గుట్టమీది గుడిలో గావ్ అని, గురువమ్మతో ఒకే గురువు దగ్గర నేర్చుకున్న, ఆవిడ తర్వాతివాడు ఒకాయన ఉండేవాడు, వీళ్ళకి బాబాయ్ వరస. ఆయన ఆ రోజునుంచీ షూలాన్‌ని "కుండమూత" అనే పిలిచాడు. నవ్వుతూనే అనేవాడు. ఆ నవ్వే షూలాన్‌కి ముల్లయ్యేది.

గురువమ్మ చనిపోయిన ఏడాదే జింగ్‌యువాన్ చలికాలం దీక్షకి కూర్చుంటానంది. గుడి వెనక రాతిగోడల గది ఉంది, లోపల చెక్కల నేల. మనిషి లోపలికి వెళ్ళాక తలుపుకి పసుపు కాగితం అంటిస్తారు. గోడలో చిన్న గూడు తలుపుంటుంది, తిండి ఇవ్వడానికీ, బకెట్టు మార్చడానికీ. లోపలివాళ్ళు కంచు గిన్నె మోగించేదాకా కాగితం చింపకూడదు, పిలవకూడదు, పలకరించకూడదు. బయట ఒకరు కాపలా ఉండాలి. గురువమ్మ పోయాక మిగతావాళ్ళు తలోదారీ పట్టారు, ఆ గుడిలో మిగిలింది షూలాన్ ఒక్కతే.

కాపలా ఉండటానికి షూలాన్ ఒక షరతు పెట్టింది.

"కూర్చో అక్కా, కాదన్ను. కానీ పొద్దునా సాయంత్రం ఎనిమిదీ చెయ్యాలి. నాకు బయటికి మడమల చప్పుడు వినపడాలి."

"పోలీసువా ఏంటే నువ్వు?"

"అవును. చప్పుడు రాకపోతే తలుపు బద్దలుకొడతా."

"నీకు అలవాటేగా బద్దలుకొట్టడం," అని జింగ్‌యువాన్ నవ్వి, చెల్లెలి మొహం చూసి, నాలిక్కరుచుకుంది. చేస్తానని మాట ఇచ్చింది. షూలాన్ గోధుమపిండి జిగురుతో కాగితం అంటించింది.

మొదట్లో అంతా బాగానే ఉంది. పొద్దున్నే షూలాన్ గోడకి చెవి ఆనించి నిలబడేది. లోపల బట్టల రాపిడి, చెక్కల కిర్రు, చివరికి ధబ్, ధబ్. ఆ చప్పుడు వినగానే తనూ బయట మంచులో నిలబడి ఎనిమిదీ చేసేసి, మొక్కజొన్న జావ కాచడానికి వెళ్ళేది. గోడకి ఇటొకరు, అటొకరు. మాటలు లేకపోయినా ఆ చలికాలం మొదట్లో షూలాన్‌కి ఒంటరితనం తెలియలేదు.

చలి ముదిరేకొద్దీ సాయంత్రం చప్పుడు తగ్గింది. తర్వాత పొద్దుటి చప్పుడు కూడా ఒకరోజు వస్తే రెండురోజులు రావడం మానేసింది. జావ గిన్నె సగం మిగిలి గూట్లోకి తిరిగి వచ్చేది. ఆవిరిమీద ఉడికించిన రొట్టె కొరకనైనా కొరక్కుండా వచ్చేది. మిరపనూనె వేసి ఇచ్చిన నూడుల్స్, జింగ్‌యువాన్‌కి అన్నిటికంటే ఇష్టమైనవి, ముద్దకట్టి అలాగే వెనక్కి వచ్చాయి.

ఇక్కడే ఉంది ఆ సాధనలో మనిషిని చంపే చిక్కు. లోపల శక్తి నిండితే ఆకలి పోతుంది, మనసు నిండితే నిద్ర పోతుంది, ఇంకా లోతుకి వెళితే ఒళ్ళే తెలియదు అని పెద్దలు చెబుతారు. రోగం ముదిరినా ఆకలి పోతుంది, నిద్ర పోతుంది, ఒళ్ళు తెలియదు. గోడ అవతలినుంచి చూసేవాళ్ళకి ఏది ఏదో చెప్పే గుర్తు ఒక్కటీ లేదు. పెద్దలు అన్నీ చెప్పి ఈ ఒక్కటీ చెప్పడం మర్చిపోయారు.

షూలాన్ గావ్ బాబాయ్ దగ్గరికి మంచులో నడుచుకుంటూ వెళ్ళింది. ఆయన అంతా విని, సంతోషంతో తొడ చరుచుకున్నాడు. మన వెయ్ అక్కకి కూడా దక్కనిది ఈ పిల్లకి దక్కుతోందన్నాడు. షూలాన్ లేచి వస్తుంటే వెనకనుంచి, "చూడు కుండమూతా, ఈసారైనా చేతులు కట్టుకుని కూర్చో," అన్నాడు.

అక్కడినుంచి కింద ఊళ్ళోకి దిగి మందుల కొట్టు డింగ్ వదినని అడిగింది. నాడి చూడకుండా తనేం చెప్పగలనని డింగ్ వదిన విసుక్కుంది. తిండి తినని మనిషిని తలుపేసి ఉంచడం ఏ శాస్త్రమో తనకి తెలియదనీ, తన చెల్లెలైతే ఈపాటికి గొడ్డలి తీసుకునేదాన్ననీ అంది. షూలాన్‌కి ముందు నుయ్యి, వెనక గొయ్యి. తెరిస్తే అక్క ప్రాణం పోవచ్చు. తెరవకపోయినా పోవచ్చు. ఏది జరిగినా ఆ చెయ్యి తనదే అవుతుంది.

ఆ వారమంతా షూలాన్ కాలు కాలిన పిల్లిలా గది చుట్టూ తిరిగింది. పిలవకూడదు కాబట్టి పిలవలేదు. గోడ పక్కనే నిలబడి ఎనిమిది కదలికలూ పెద్దగా ఊపిరి వదులుతూ చేసింది. చివర్న రాతి మెట్టుమీద మడమలు పగిలేట్టు కొట్టింది. నేను కొడుతున్నానే, నువ్వూ కొట్టవే అని దానర్థం. లోపలినుంచి ఏమీ రాలేదు. ఏడుపొచ్చింది. ఏడుపు కూడా చప్పుడే కదా అని వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది.

ఒక పొద్దున గూట్లో జావ గిన్నె పెట్టినది పెట్టినట్టే, మీద మీగడ కట్టి కనిపించింది. షూలాన్ ఇక ఆలోచించలేదు. ప్రాణం పోతే నా చేతిలోనే పోనీ అనుకుంది. తలుపు దగ్గరికి వెళ్ళి, పసుపు కాగితం మూల గోటితో ఎత్తింది. గడ్డకట్టిన జిగురు పెళుసుగా చిట్లింది, కాగితం చివర కాస్త చిరిగింది.

అప్పుడు వినపడింది లోపలినుంచి. ధబ్. ధబ్. ధబ్.

షూలాన్ చెయ్యి తీసేసింది. మెట్టుమీదే కూర్చుండిపోయింది. నవ్వింది. చప్పుడు ఏడుసార్లూ పూర్తిగా వచ్చింది, ఒక్కటి కూడా తగ్గలేదు. ముందు చెక్కల కిర్రు వినపడలేదే అని మనసులో ఒక మూల అనిపించింది. మనసు అలా అంటూనే ఉంటుంది, దాని నోరు మూయించడం మనకి బాగా తెలుసు. పరుగున వెళ్ళి కాస్త జిగురు తెచ్చి, చిరిగిన మూలని మళ్ళీ అంటించింది. ఆ రోజునుంచీ పొద్దునా సాయంత్రం చప్పుడు తప్పలేదు. జావ కూడా కొంచెం తగ్గి రావడం మొదలైంది. షూలాన్ హాయిగా నిద్రపోయింది. ఆ నిద్రకే తర్వాత తనని తాను క్షమించుకోలేకపోయింది.

మంచు కరిగి, వాకిట్లో అక్రోటు చెట్టు చిగురు వేశాక కంచు గిన్నె మోగింది. షూలాన్ కాగితం చింపి తలుపు తీసింది. జింగ్‌యువాన్ చాపమీద కూర్చుని నవ్వుతోంది. మొహం పాలిపోయి పిండిముద్దలా ఉంది.

"లే అక్కా, ఎండొచ్చింది."

"లేవలేనే. కాళ్ళు రావట్లేదు."

తిమ్మిరనుకుని షూలాన్ మఠం విప్పి పిక్కలు రుద్దింది. చన్నీళ్ళలో నానిన కట్టెల్లా ఉన్నాయి. పాదాలు రెండూ కిందికి వాలిపోయాయి. గిల్లినా అక్క మొహంలో ఏమీ కదల్లేదు.

"ఎప్పటినుంచే ఇలా?"

"చలి ముదిరినప్పటినుంచి. మొదట తేలిపోతున్నట్టుండేది. అబ్బ, ఒళ్ళు మర్చిపోయే దశ వచ్చేసిందే అనుకున్నా. చాలా సంతోషపడ్డా. తర్వాత గూడుదాకా పాక్కుంటూ వచ్చేదాన్ని."

"మరి ఆ చప్పుడు?"

జింగ్‌యువాన్ రెండు అరచేతులూ తిప్పి చూపించింది. మడమల్లా కాయలు కాసి, నల్లబడి ఉన్నాయి.

"నువ్వు కాగితం పీకుతున్నావని వినపడింది. మళ్ళీ ఆ గావ్ బాబాయ్ నిన్ను ఏదో ఒకటి అంటాడని..." అని ఆగి, తల దించుకుంది. "అదొక్కటే కాదులే. నాకూ లేవాలనిపించలేదు. అదీ నిజమే."

 షూలాన్‌కి తిట్టాలో, వాటేసుకోవాలో తెలియలేదు. అక్కని వీపుమీద వేసుకుని కొండ దిగింది.

పట్నంలో పెద్దాసుపత్రి డాక్టరు కాళ్ళమీద చిన్న సుత్తితో కొట్టి చూశాడు. నరాలు నొక్కుకుపోయాయనీ, దానికి తోడు తిండి లేక ఎండిపోయాయనీ చెప్పాడు. కాస్త ముందుగా తీసుకొస్తే బాగుండేదని ఆయన మామూలుగానే అన్నాడు. ఆ మాట షూలాన్ నెత్తిన రోకటిపోటులా పడింది. ముందుగా అంటే ఎప్పుడో తనకి తెలుసు. చెయ్యి కాగితం మీదే ఉన్న రోజు.

తిరిగొచ్చాక గావ్ బాబాయ్ చూడటానికి వచ్చాడు. కుండలో మందు పండి పైకెక్కిన మనిషికి కాళ్ళతో పనేముందని ఊళ్ళోవాళ్ళ ముందు గొప్పగా మాట్లాడాడు. జన్మలో మొదటిసారి షూలాన్ ఆయనకి ఎదురుచెప్పింది.

"అయితే మీ కాళ్ళు అక్కకిచ్చి వెళ్ళండి బాబాయ్. మీకూ పనిలేదుగా."

ఆయన వెళ్ళిపోయాడు. ఆ తర్వాత కుండమూత అని ఎవరూ పిలవలేదు. షూలాన్‌కి ఆ పేరు పోయినందుకు సంతోషం కూడా కలగలేదు.

డింగ్ వదిన ఇచ్చిన నూనెతో పొద్దునా సాయంత్రం అక్క కాళ్ళు రుద్దుతుంది. పాదాలు చేతుల్లోకి తీసుకుని, మడమలు ఎత్తి చెక్కమీద వదులుతుంది. చప్పుడు వస్తుంది. అక్క ఒంట్లో ఎక్కడికీ అది చేరదు. తర్వాత వసారాలో కుర్చీలో కూర్చోబెట్టి, కాళ్ళమీద దుప్పటి కప్పి, తను వాకిట్లో ఎనిమిదీ చేస్తుంది. చివర్న తన మడమలు నేల తాకినప్పుడల్లా కుర్చీ చేతిమీద అక్క అరచెయ్యి పడుతుంది. కొట్టొద్దని షూలాన్ ఒకసారి బతిమాలింది. అలవాటైపోయిందే అంది జింగ్‌యువాన్.

అది అయ్యాక, "నీ వంతు, కూర్చో," అంటుంది అక్క. గురువమ్మ చెప్పినంతకాలం చెవికెక్కని మాట ఇప్పుడు ఎక్కింది. షూలాన్ కుర్చీ ఎదురుగా చాప వేసుకుని, అగరుబత్తి పూర్తిగా కాలేదాకా కూర్చుంటుంది. మధ్యలో ఒక కన్ను మాత్రం తెరుస్తుంది. బత్తి ఎంత మిగిలిందో చూడటానికి కాదు. దుప్పటి అంచు కింద అక్క పాదాలు, తను పొద్దున ఎలా పెట్టిందో అలాగే ఉంటాయి. కాసేపు చూసి, కన్ను మూసుకుంటుంది.