ఆరు తీగలు, ఎనిమిది పోగులు

మా ఆయనకు చెవులు సరిగా వినపడవు. సిరిసిల్లలో ముప్పై ఏళ్లు సాంచాలు నడిపిన మనిషికి వినపడితేనే ఆశ్చర్యం. సాంచా అంటే మా దగ్గర పవర్‌లూమ్. ఒక్కటి నడుస్తుంటేనే పక్కనున్న మనిషి మాట అందదు, మా ఆయన పనిచేసిన షెడ్డులో ఎనిమిది నడిచేవి. సన్నని శబ్దాలు ఇక అందవు, లావు శబ్దాలే కొంచెం అందుతాయని డాక్టరు చెప్పాడు. దాంతో ఆయనకు లాభమే అయింది. నా గొంతు సన్నది.

అలాగని ఆయన్ను తక్కువ అంచనా వేయకూడదు. షెడ్డులో ఆయన కాళ్లతో వినేవాడు. గడప దగ్గర చెప్పులు విడిచి నిలబడి, "మూడోది మొరాయిస్తున్నది, చూడుర్రి" అనేవాడు. పోయి చూస్తే నిజంగానే మూడో సాంచాలో ఏదో ఒకటి వదులై ఉండేది. ఆ నేల అదురు ఆయనకు అన్నీ చెప్పేది. ఇంట్లో నేను చెప్పేవి మాత్రం ఏ నేలా చెప్పేది కాదు. ఉప్పు తెమ్మని మూడుసార్లు అరిస్తే వీధిలో ముగ్గురు తెచ్చిచ్చేవాళ్లు, ఆయన మాత్రం పేపరు తిప్పుతూ కూర్చునేవాడు.

షెడ్డు మూతపడ్డాక ఆయన ఇంటర్నెట్ కేబుళ్లు లాగే ఆపరేటరు దగ్గర చేరాడు. నిచ్చెన మోయడం, వైరు చుట్టలు మోయడం. కోర్సు చేసి సర్టిఫికెట్ తెచ్చుకుంటే ఇళ్లలో కనెక్షన్లు బిగించే పని ఇస్తానని ఆ ఆపరేటరు అన్నాడు. సరిగ్గా అదే వారం మా ఊరి కాలేజీ గేటుకు బ్యానరు కట్టారు. ఆదివారం క్లాసులట, వయసుతో పనిలేదట. కుట్టుపని, కంప్యూటర్ నెట్‌వర్కింగ్, గిటారు.

గిటారు అన్న మాట చూసి నేను అక్కడే ఆగిపోయాను. మా పుట్టిల్లు కోరుట్ల. అక్కడ మా తమ్ముడికి మైక్ సెట్ల దుకాణం ఉంది. ఎవరో వదిలేసి పోయిన గిటారు ఒకటి ఆ గోడకు ఏళ్ల తరబడి వేలాడుతోంది. పోయినప్పుడల్లా నేను దాని దుమ్ము తుడిచి, ఒక తీగ మీటి, ఎవరూ చూడలేదు కదా అని చుట్టూ చూసుకునేదాన్ని.

"నేనొక్కన్నే పోను. సార్లు చెప్పేది నాకు ఇనవడదు, నువ్వు పక్కన కూసోవాలె" అన్నాడు మా ఆయన.

"కూసుంట. గని నేను గిటారుకు పేరు రాయించుకుంట."

"ఏందీ?"

"గిటారూ!"

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. తర్వాత షరతు పెట్టాడు. ఒకరు మానేస్తే ఇద్దరూ మానేయాలి. సరేనన్నాను. ఆ రోజే అన్నం కలుపుకుంటూ ఇంకో మాట కూడా అన్నాడు. "నేర్చుకోరాదూ, నాకేంది. నువ్వు వాయించినా ఒకటే, వాయించకున్నా ఒకటే. నాకు ఇనవడదాయె." కోపంతో అనలేదు, పచ్చడి వేయమన్నంత మామూలుగా అన్నాడు. అందుకే నాకు గుండెలో కలుక్కుమంది. ఈ మనిషికి నా గిటారు ఒక్కసారన్నా వినిపించకపోతే చూడు అని ఆ పూటే మనసులో గట్టిగా అనుకున్నాను. ఎట్లా వినిపిస్తానో మాత్రం నాకే తెలియదు.

క్లాసులు రెండూ ఒకే హాల్లో, ఒకదాని తర్వాత ఒకటి. ముందు నెట్‌వర్కింగ్. మేడం చెప్పింది నేను నోటుబుక్కులో రాసి ఆయనకు చూపించాలి. కేబులు లోపల ఎనిమిది సన్న వైర్లు ఉంటాయి. వాటిని రంగుల వరుస తప్పకుండా పేర్చి ప్లగ్గులో దూర్చి, క్రింపర్ అనే కటింగ్ ప్లేరు లాంటి దానితో నొక్కాలి. కాలేజీ పిల్లలు ఆ వరుస గుర్తుండక తలలు పట్టుకుంటుంటే మా ఆయన చీర అంచుకు రంగులు పేర్చినట్టు పేర్చేశాడు. వైర్లు అనడు, పోగులు అంటాడు. తర్వాత టెస్టరు పెడితే ఒకటి నుంచి ఎనిమిది దాకా దీపాలు వరుసగా వెలుగుతాయి. ఆ టెస్టరంటే ఆయనకు ప్రాణం. అది మాట్లాడదు, చూపిస్తుంది.

గిటారు క్లాసులో నా సంగతి వేరు. తమ్ముడి దుకాణంలో వేలాడే గిటారునే కొత్త తీగలు వేయించి తెచ్చుకున్నాను. చిన్నప్పుడు కోరుట్లలో బీడీలు చుట్టిన వేళ్లు కాబట్టి తీగల కోతకు బెదరలేదు. కానీ ఎక్కడ నొక్కాలో గుర్తుండేది కాదు. గిటారు మెడ మీద గోళ్ల రంగుతో ఎర్రచుక్కలు పెట్టుకున్నాను. గిటారు సారు చూసి, "అమ్మా, దీనికి బొట్టు కూడ పెట్టినవా?" అన్నాడు. ఆయనే ఇంకో మాట కూడా ప్రతి వారం అనేవాడు. తీగల చివర్లు పైన, వాటిని తిప్పి బిగించే బిరడాల దగ్గర మిగిలి చుట్టలుగా వేలాడుతున్నాయి, కత్తిరించమని. మా ఆయన ఒప్పుకోలేదు. నేతపని చేసినవాడు మిగిలిన పోగును కత్తిరించి పారేయడు.

మూడో ఆదివారం గొడవైంది. మేడం ఒక కేబులును నడిమికి కత్తిరించి, దీన్ని మళ్లీ పనిచేయించండి అంది. అందరూ రెండు కొసలకూ ప్లగ్గులు పెట్టి జాయింటర్‌తో కలిపారు. మా ఆయన ఏం చేశాడో తెలుసా? ఎనిమిది పోగులకూ, సాంచా మీద పడుగు తెగితే వేసే ముడి వేశాడు. ఎంత నున్నగా వేశాడంటే వేలితో రాస్తే గానీ ముడి ఉందని తెలియదు. తృప్తిగా టెస్టరు పెట్టాడు. ఒక్క దీపమూ వెలగలేదు.

"అంకుల్, ముడి మస్తుగ ఏసిన్రు" అంది మేడం, నవ్వు ఆపుకుంటూ. "గని పైన ప్లాస్టిక్ తొడుగు ఉండంగ లోపల రాగికి రాగి తాకది గదా. సిగ్నల్ ఎట్ల పోతది?"

"అంకుల్ కేబుల్ గాదు, తువ్వాల నేసిండు!" అని వెనక బెంచీ నుంచి ఎవరో అన్నారు. హాలంతా గొల్లుమంది.

ఆయన నా వైపు చూశాడు. "ఏమంటున్నరే?"

"మంచిగేసినవ్ అంటున్నరు."

"నవ్వుతుంటే నాకు కండ్లు కనవడవా?" అన్నాడు ఆయన, టెస్టరును జాగ్రత్తగా డబ్బాలో పెట్టి.

మరుసటి ఆదివారం ఆయన చొక్కా వేసుకోలేదు. "నేను రాను. నువ్వు గూడ పోవద్దు, మాటంటే మాటే" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. "ముప్పై ఏండ్లు సాంచాల మోతకు బెదరనోనివి, పదిమంది పోరగాళ్లు నవ్వితె బెదిరినవా?" అన్నాను.

"ఏందీ?"

మళ్లీ అన్నాను, గట్టిగా. మళ్లీ "ఏందీ?" అన్నాడు. ఈసారి గొంతు చించుకుని అన్నాను. ఎదురింటావిడ బియ్యం చేటతో సహా బయటికొచ్చి, "నీకు ఇనవడకపోతె నేను చెప్పాల్నా అన్నా? బెదిరినవా అంటున్నది!" అంది. మా ఆయన లోపలికి పోయి చొక్కా వేసుకున్నాడు. దారంతా నాకంటే పదడుగులు ముందే నడిచాడు కానీ, క్లాసుకు మాత్రం వచ్చాడు.

అప్పటి నుంచి ఆయన పనికి పోయిన వేళల్లో నేను ఒకే ఒక్క రాగం సాధన చేశాను. అది సార్ చెప్పింది కాదు, మా అత్తది. కొత్త కోడలిగా కోరుట్ల నుంచి వచ్చినప్పుడు నాకు నూలు కండెలు చుట్టడం నేర్పింది ఆమే. రాట్నం తిప్పుతూ మాటల్లేని కూనిరాగం ఒకటి తీసేది. నడుమ దారం తెగితే రాగం ఆగేది, ముడి వేసి మళ్లీ ఆగిన చోటి నుంచే ఎత్తుకునేది. మా ఆయన పుట్టి పెరిగింది ఆ రాగంలోనే. ఆమె పోయి ఏళ్లవుతోంది. ఆ ఆగడంతో సహా నేను దాన్ని గిటారు మీద పట్టాను. గిటారు సారు విని, కోర్సు చివర పెట్టే పరీక్షకు ఇదే వాయించమన్నాడు.

పరీక్ష జగిత్యాలలో పెట్టారు. ఇద్దరం సద్ది కట్టుకుని, గిటారును పాత దుప్పట్లో చుట్టుకుని పొద్దున్నే బస్సెక్కాం. కండక్టరు దుప్పటి వైపు అనుమానంగా చూసి, "పిల్లనా?" అన్నాడు. మా ఆయనకు వినపడక అవునని తలూపాడు. నేను జగిత్యాల దాకా నవ్వుతూనే ఉన్నాను.

ఆయన పరీక్ష ముందు అయిపోయింది. ఎనిమిది దీపాలూ వరుసగా వెలిగాయట. మొహంలో అవన్నీ ఇంకా వెలుగుతూనే ఉన్నాయి. నా వంతుకు ఇంకో అరగంట ఉందనగా, శ్రుతి సరిచూసుకునే కంగారులో నేను బిరడాను ఒక చుట్టు ఎక్కువ తిప్పాను. టింగుమని మొదటి తీగ, అన్నిటికంటే సన్నది, బిరడా దగ్గర తెగిపోయింది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. గిటారు సారు తెచ్చిన తీగలన్నీ అప్పటికే వేరే వాళ్లకు అయిపోయాయి. "నా గిటారు తీస్కోరాదమ్మా" అన్నాడు సారు. తీసుకుని చూస్తే దాని మెడ మీద ఒక్క చుక్కా లేదు. ఎక్కడ నొక్కాలి? అయిదు తీగలతో వాయిద్దామంటే అత్త రాగమంతా ఆ సన్న తీగ మీదే. అంతే, వరండాలో కూర్చుని ఏడుపు మొదలుపెట్టాను. "ఇగ పోదాం పా. నాకు అక్కర్లేదు ఈ గిటారు" అన్నాను. అది మాత్రం ఆయనకు ఎట్లా అర్థమైందో అర్థమైంది.

"జర జరుగు" అన్నాడు.

గిటారును ఒళ్లోకి తీసుకున్నాడు. బిరడా దగ్గర ఆయన కత్తిరించనివ్వని చుట్ట అట్లాగే ఉంది. దాన్ని విప్పి చాపి, తెగిన కొసకు కలిపి, అదే సాంచా ముడి వేశాడు. తీగ ఉక్కుది కాబట్టి జారకుండా రెండుసార్లు మెలిపెట్టి, క్రింపర్ మూతితో బిగించాడు. ముడి బిరడా పక్కనే పడింది, నేను వేళ్లు పెట్టే చోటికి రాదు. తర్వాత పడుగు బిగువు చూసినట్టు వేళ్ల వెనకవైపుతో ఆరు తీగలనూ ఒకటొకటే నిమిరాడు. ఎడమ అరచేయి గిటారు పొట్ట మీద ఆనించి, కుడిచేత్తో బిరడా తిప్పుతూ, మీటుతూ, తిప్పుతూ ఒకచోట ఆగాడు.

గిటారు సారు ఫోనులో శ్రుతి చూసి నోరు వెళ్లబెట్టాడు. "కొంచెమే తక్కువున్నది అంకుల్. ఇంకింత గుంజుదామా?" అని చేత్తో చూపించాడు.

"ఇంతకన్న గుంజితె తెగుతది" అన్నాడు మా ఆయన. ఆ ఒక్క తీగను ముట్టకుండా మిగతా అయిదింటినీ దానికి తగ్గట్టు సార్ దించాడు.

హాల్లో చెక్కలతో కట్టిన వేదిక ఉంది. దాని మీద కుర్చీ వేసి నన్ను కూర్చోమన్నారు. మా ఆయన కుర్చీల్లోకి పోలేదు. చెప్పులు విడిచి వచ్చి వేదిక అంచున, నా కాళ్ల దగ్గర కూర్చుని, చెక్క మీద అరచేయి పెట్టాడు. ఎవరో లేవమన్నారు. ఆయనకు వినపడితే కదా!

నేను వాయించాను. సగం బాగానే పోయింది. నడుమ, దారం తెగే చోట ఆగాల్సినట్టే ఆగాను. ఆగాక చూస్తే తర్వాతి చుక్క కనపడలేదు. కళ్లనిండా నీళ్లు, ఎర్రచుక్కలన్నీ కలిసిపోయాయి. ఆ ఆగడం రాగంలో భాగమే అనుకున్నారేమో, ఎవరూ కదలలేదు. ఎలాగో తడుముకుని పట్టుకుని చివరిదాకా వాయించాను. అందరూ చప్పట్లు కొట్టారు. పరీక్ష పెట్టడానికి వచ్చినాయన చాలా బాగుందని రాసుకున్నాడు.

మా ఆయన చేయి ఇంకా చెక్క మీదే ఉంది. తలెత్తి నన్ను చూశాడు. గొంతు తగ్గించి మాట్లాడుతున్నాననుకుని హాలంతా వినపడేలా అన్నాడు:

"మంచిగున్నది గని, నడుమల పోగు తెగినకాడ అమ్మ గంతసేపు ఆగకపోయేది."

హాలంతా నవ్వింది. నేను మాత్రం గిటారు పట్టుకుని అట్లాగే కూర్చుండిపోయాను. నేను తప్పింది ఒక్కచోటే, కనిపెట్టింది ఆయనొక్కడే.

"ఇంటికి పోయినంక మళ్లా వాయిస్త. అప్పుడు చెప్పు ఎంతసేపు ఆగాల్నో" అన్నాను.

"ఏందీ?" అన్నాడు.

నేను కుర్చీ దిగి, ఆయన చేయి పట్టుకుని గిటారు పొట్ట మీద పెట్టాను.