అతిథిగారి వెండికంచం

దళసరి తెల్ల అట్టముక్క మీద నల్లసిరా ఆరుతున్నప్పుడు వచ్చే వాసన నాకు గిట్టదు. అయినా ఏటా డిసెంబరు నెలాఖరుకి, ఏ దేశంలో ఉంటే ఆ దేశంలో, మా రాయబార కార్యాలయం వాళ్ళందర్నీ మా ఇంటికి భోజనానికి పిలిచి, ఎవరెక్కడ కూర్చోవాలో వాళ్ళ పేర్లు నా చేత్తో నేనే రాసి కంచాల ముందు నిలబెడతాను. ఈసారి బయట మంచు కురుస్తోంది. లోపల వంటవాడు నన్ను వంటింటి ఛాయలకి రానివ్వడం లేదు. "ఎవరి పక్కన ఎవరుండాలో ఇంత ఒడుపుగా కూర్చడం ఎక్కడ నేర్చుకున్నారు మేడమ్?" అని కొత్తగా చేరిన అధికారి అడిగితే, శిక్షణలో అని అబద్ధం చెప్పాను. నేర్చుకున్నది బందరులో, మా నాయనమ్మ ఇంట్లో, పదేళ్ళప్పుడు, మా పెదనాన్న దగ్గర.

బందరులో ఆ రోజులంటే నాకు ముందు గుర్తొచ్చేది పొద్దున్నే సముద్రం వైపు నుంచి వచ్చే ఉప్పగాలి, క్రిస్మస్ అయిపోయినా ఎవరూ దించని కాగితపు నక్షత్రాలు, పెదపారుపూడి నుంచి కౌలు రైతు బస్సు మీద వేసి పంపిన కొత్తబియ్యం మూట, ఆ బియ్యం ఉడుకుతుంటే వీధి మలుపు దాకా వచ్చే తీపివాసన, అన్నం ముద్దైపోయిందని నాయనమ్మ సణుగుడు, మిఠాయి దుకాణం వెనక తొక్కుడు లడ్డుకి పిండి దంచే రోకలి చప్పుడు. సెలవులకి చేరిన పిల్లలం వాకిట్లో గోళీలాడేవాళ్ళం. ఓడినవాడు పిడికిలి నేలకి ఆనించాలి, గెలిచినవాడు గోళీతో కణుపుల మీద కొట్టాలి. ఎవడైనా ఏడిస్తే మాకు ఇంకా హుషారుగా ఉండేది. వసారాలో పడక్కుర్చీలో కూర్చున్న పెదనాన్న అదంతా చూసి, "దెబ్బ కనపడేలా కొట్టేవాడు మొరటువాడర్రా" అనేవాడు.

పెదనాన్న విదేశాల్లో మన రాయబార కార్యాలయాల్లో పనిచేసేవాడు. ఏడాది చివర పది రోజుల సెలవు మీద రేకుడబ్బాల బిస్కెట్లతో, గడ్డం లోషన్ వాసనతో దిగేవాడు. ఆయన గొంతు పెంచడం నేనెన్నడూ వినలేదు. ఏడాది ఆఖరి రోజు మధ్యాహ్నం ఇంటిల్లిపాదికీ ఆయన పద్ధతిలోనే భోజనం జరగాలి. విస్తరి ముందు పేరు రాసిన అట్టముక్క, భోజనమయ్యాక ఒక్కొక్కరూ తమ ఏడాది ఎలా గడిచిందో చెప్పడం, చివర ఆయన తన ఏడాది చెప్పడం. ఏ దేశంలో ఎవరు ఆయనకి ఎదురొచ్చి చెయ్యి కలిపారో, ఎవరిని ఆయన పక్క గదిలో ఎంతసేపు కూర్చోబెట్టాడో మేం నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళం. నా రాత గుండ్రంగా ఉంటుందని పేర్లు రాసే పని నాకిచ్చాడు. "మనకి నచ్చనివాణ్ణి తిట్టకూడదే అమ్మాయ్. కుర్చీ మారిస్తే చాలు" అని నేర్పింది అప్పుడే.

మా బాబాయ్ దివిసీమలో, నాగాయలంక అవతల ఒక పల్లెలో బడిపంతులు. అక్కడే సముద్రం మీద వేటకెళ్ళే వాళ్ళింటి అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. నీచు వండని ఇల్లు మాది. రెండేళ్ళు నాయనమ్మ వాళ్ళని గుమ్మం ఎక్కనివ్వలేదు. మూడో ఏడు మెత్తబడి, "రమ్మను. ఆపైన పెద్దాడు ఎలా అంటే అలా" అంది. మా ఇంట్లో కోడళ్ళు వండుతారు, మొదటి బంతికి వడ్డిస్తారు, ఆ తర్వాతే తింటారు. కొత్తగా వచ్చిన కోడలు వంటింట్లోకి వెళ్ళి గరిటె పట్టుకుని ఒక్క వరస వడ్డిస్తే చాలు, ఇక ఆమె ఇంటిమనిషి. ఆ మాట బాబాయ్ పిన్నికి చెప్పే తీసుకొచ్చాడు. పిన్ని కొత్త నేతచీర కట్టుకుని, పది రోజుల బట్టలు సర్దిన సంచితో, కాల్చిన తేగల కట్ట చంకన పెట్టుకుని ఆటో దిగింది. "ఏమే బుజ్జీ, నాకు వంటిల్లు చూపిస్తావా?" అంది నన్ను చూడగానే. నేను చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళబోయాను.

పెదనాన్న ఎదురొచ్చాడు. ఇంట్లో మా అమ్మని "ఏమ్మాయ్" అని పిలిచే మనిషి పిన్నికి రెండు చేతులూ జోడించాడు. "రండి, రండి. ప్రయాణం బాగా జరిగిందా అండీ? నాన్నగారు కులాసానా?" అని అడిగి, సంచి అందుకుని వసారాలో గోడవారన తనే పెట్టాడు. పిన్ని మొహం వెలిగిపోయింది. "అయ్యో, నన్ను మీరనకండి బావగారూ. నేను లోపలికెళ్ళి అక్కయ్యకి సాయం చేస్తానండీ" అంది. "భలేవారే! అతిథులు వంటింట్లోకి రాకూడదండీ" అని నవ్వి, నాయనమ్మ పెళ్ళినాటి వెండికంచం తీయించాడు. మొదటి బంతిలో మగవాళ్ళకీ పిల్లలకీ విస్తళ్ళు, తన కుడిపక్కన పీట, దాని ముందు వెండికంచం. పొద్దున ఆయన చెప్తే నేను గుండ్రంగా రాసిన అట్టముక్క కంచం ముందు నిలబడింది. దాని మీద పిన్ని పేరు లేదు. "అతిథిగారు" అని ఉంది.

అమ్మ పులిహోర ముందు ఆమెకే వడ్డించింది. గారెలు ముందు ఆమెకే, బూరెలో నెయ్యి ముందు ఆమెకే. తోడికోడలు వంగి వడ్డిస్తుంటే మగవాళ్ళ మధ్య కూర్చుని పిన్ని ఒక్కో ముద్దా నీళ్ళతో దిగమింగింది. బాబాయ్ తలెత్తకుండా రెండోసారి పాయసం పోయించుకున్నాడు. పిన్ని కంచం తీసి కడగబోతే, "మీరు తీయకూడదండీ" అని పెదనాన్న వారించాడు. తర్వాత తన ఏడాది గురించి నాలుగు మాటలు చెప్పమని ఆమెనే ముందు అడిగాడు. పిన్ని లేచి నిలబడింది.

"మా ఊళ్ళో గట్టు మీంచి పెద్దవల లాగేప్పుడు, దారిన పోయేవాడైనా తాడు మీద చెయ్యేస్తే వాటా ఇస్తామండీ. నేను గరిటె అడిగాను. అంతేనండీ."

"చాలా బాగా చెప్పారు" అని పెదనాన్న వేళ్ళ చివరలతో చప్పుడు రాకుండా చప్పట్లు కొట్టాడు. ఆయన్ని చూసి మేమందరం కొట్టాం. ఆపైన బొట్టు, జాకెట్టు గుడ్డ, పళ్ళు, లడ్డు పొట్లం. అవనిగడ్డ బస్సుకి వేళవుతోందని పెదనాన్న పిలిపించిన ఆటో అప్పటికే గుమ్మంలో ఉంది. ఆయన వీధి దాకా వెళ్ళి ఇద్దర్నీ సాగనంపాడు. విప్పని సంచి వెనక్కి వెళ్ళిపోయింది. తేగల కట్ట వసారాలోనే ఉండిపోతే పిల్లలం పంచుకుని లోపలి లేత చంద్రాలతో సహా తినేశాం. చాలా తియ్యగా ఉన్నాయి.

పిన్ని మళ్ళీ ఆ గుమ్మం ఎక్కలేదు. నాయనమ్మ పోయినప్పుడు కూడా బాబాయ్ ఒక్కడే వచ్చాడు. పెదనాన్న కూడా పోయాక ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్లు లేపారు. సామాన్ల పంపకంలో వెండికంచం బాబాయ్ వంతుకి వచ్చింది. నేను పెదనాన్న ఉద్యోగంలోకే వెళ్ళాను. ఎక్కడికి వెళ్ళినా పెద్దపీట వేస్తారు. నన్ను "ఏమే" అనేవాళ్ళు మాత్రం లేకుండా పోయారు. ఒక సెలవులో ఆ ఆకలి పట్టలేక, చెప్పాపెట్టకుండా దివిసీమ బస్సెక్కాను.

పిన్ని జుట్టు నెరిసింది. వంటింట్లోంచి ఆవపెట్టిన పులుసు వాసన వస్తోంది. "పిన్నీ, నేను లోపలికొచ్చి నీతో తింటాను" అన్నాను. చెప్పులు కూడా విప్పేశాను.

"అయ్యో, కూర్చోండమ్మా. అతిథులు వంటింట్లోకి రాకూడదు కదండీ" అంది, ఎంతో తియ్యగా. హాల్లో ఫ్యాను కింద బల్ల మీద వెండికంచం పెట్టి, అన్నీ ముందు నాకే వడ్డించింది. బాబాయ్ తలొంచుకునే ఉన్నాడు. చెయ్యి కడుక్కునేసరికి జాకెట్టు గుడ్డ, పళ్ళు సిద్ధంగా ఉన్నాయి. ఆటో గుమ్మంలో ఉంది. బస్సులో అవనిగడ్డ దాకా ఏడుస్తూనే ఉన్నాను. అప్పుడు నేను పదేళ్ళ పిల్లని, నాకేం తెలుసు అని ఆమెకి చెప్పుకోవాలనిపించింది. చెప్పినా వినేది కాదు, వినాల్సిన పనీ లేదు.

ఇక్కడ భోజనాలయ్యాయి. ఆ పెంకుటిల్లు లేదు, గోళీలు ఆడే వాకిలి లేదు, కొత్తబియ్యం వాసన ఈ దేశపు చలిలో ఊహకైనా అందదు. ఏడాది చెప్పుకునే ఆ అలవాటొక్కటే చావకుండా నా వెంట వచ్చింది. కొత్త అధికారి లేచి నిలబడ్డాడు.

"ఈ దేశంలో నాకు దొరికిన మర్యాద ఎక్కడా దొరకలేదు మేడమ్. ఎవరింటికి వెళ్ళినా పెద్దాయన పక్కనే కూర్చోబెట్టారు, ముందు నాకే వడ్డించారు, కారు దాకా వచ్చి సాగనంపారు. అచ్చం సొంతిల్లులా ఉంది."

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, వేళ్ళ చివరలతో, చప్పుడు రాకుండా.