ప్రాసెసరుకు పెట్టిన గంధంబొట్టు

ఆయుధపూజ నాడు మా ఇంట్లో కంప్యూటరు గంధం వాసన కొట్టింది. నవ్వకండి, తప్పు నాదే. టీ తాగుతూ వినండి, మొదటినుంచీ చెప్తాను.

నాకు లారీ ఆట పిచ్చి ఉందని తెలుసు కదా. నలభై ఎనిమిదేళ్ళ ఆడదానికి ఇదేం పిచ్చి అని మా అరవ ఊరు పీలమేడులో అనుకునేవాళ్ళు అనుకోనీ. తేని ఊళ్ళో ఏలకుల వ్యాపారం చేసే మా తమ్ముడు శీను, నేను ప్రతి శనివారం సాయంత్రం ఆన్‌లైన్‌లో చెరొక లారీ తోలుతాం. వాడు ముందు, నేను వెనక. చెవులకు హెడ్‌ఫోన్లు, ఇక కబుర్లే కబుర్లు! అమ్మ పోయాక ఫోనులో మా మాటలు "తిన్నావా?", "తిన్నా" దగ్గరే ఆగిపోయేవి. లారీ ఎక్కితేనే ఇద్దరికీ నోరు పెగిలేది.

చిక్కల్లా నా కంప్యూటరుతోనే. పదేళ్ళది. మలుపు వస్తే చాలు, బొమ్మ బిగుసుకుపోతుంది. అది కదిలేసరికి శీను లారీ కొండ దాటి, ఏదో పెట్రోలు బంకులో నా కోసం కాచుకొని ఉంటుంది. చివరికి వాడికీ విసుగొచ్చింది.

"అక్కా, నీ సిస్టంతో కుదరదు. ఈ శనివారాల ఆట విడిచిపెట్టేద్దాం లే."

వాడు మామూలుగానే అన్నాడు. ఆట పోతే పోనీ, ఆ మాటలు పోతే ఎట్లా?

కొత్తది కొనే స్తోమత లేదు. షాపువాడేమో "దీన్ని మ్యూజియంకి ఇచ్చేయండి మేడమ్" అన్నాడు. రోషం వచ్చేసింది! సెకండ్ హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డు, ఒక ర్యామ్, ఒక ఎస్‌ఎస్‌డి మాత్రం తెచ్చుకొని, వీడియోలు చూసి నేనే బిగించుకుంటానని కూర్చున్నా. "ఆయుధపూజ నాడు నీకు అంగడి లీవే కదా, సాయంత్రం ఆటకు రా, చూపిస్తా" అని తమ్ముడికి సవాలు కూడా విసిరా.

మా ఆయనకు మోటారు పంపుల వర్క్‌షాపు. కాబట్టి మా ఇంట్లో ఆయుధపూజ దీపావళి కంటే పెద్దది. స్పానర్లు, కుట్టుమిషను, మిక్సీ, కత్తెర, దేన్నీ వదలరు. అన్నిటికీ గంధం, కుంకుమ. ఆ రోజు పొద్దున పేపరు మీద నేను పరిచిన ముక్కల్ని మా అత్త వచ్చి చూసింది.

"ఏమ్మా కన్నూ, ఇదంతా కూడా పూజలో చేరుతాదా?"

"ఆమా అత్తా! నాకు ఇదే ఆయుధం. అన్నిటికీ బొట్టు పెట్టండి" అన్నా, గొప్పగా.

అప్పటికి పాత ప్రాసెసరును, ఆ వెండిబిళ్ళలాంటి దాన్ని, శుభ్రంగా తుడిచి పెట్టుకున్నా. దాని వేడి పైనుండే ఫ్యానుకు చేరాలంటే నడిమధ్య పెసరగింజంత తెల్ల పేస్టు పెట్టాలట. ట్యూబు మూత తీశానో లేదో, కుక్కరు విజిల్ వేసింది. పరిగెత్తి, గుగ్గిళ్ళు తాలింపు వేసి వచ్చి చూస్తే, ప్రాసెసరు మీద పెసరగింజంత చుక్క ముద్దుగా కూర్చొని ఉంది. అబ్బ, పెట్టేశానా! ఈ మధ్య గేటుకు తాళం వేశానో లేదో కూడా గుర్తుండటం లేదు, ఇదెంత? కళ్ళద్దాలేమో వంటింట్లో ఉన్నాయి. దాన్ని బోర్డులో కూర్చోబెట్టి, ఫ్యాను పెట్టి స్క్రూలన్నీ బిగించేశా.

సాయంత్రం హారతి అయింది. "పూజ అయినాక స్కూటరు నడుపుతాం కదా, దీన్నీ నడుపు" అంది అత్త. బండి చక్రం కింద పెట్టినట్టు, మా ఆయన కంప్యూటరు ముందు ఒక నిమ్మకాయ కూడా పెట్టారు. స్విచ్ వేశా. వచ్చింది! లారీ అద్దం మీద వాన చినుకులు ఒక్కొక్కటీ కనిపిస్తున్నాయి. ఇన్నేళ్ళూ ఆ ఆటలో వాన పడుతుందనే నాకు తెలియదు.

"శీనా, నీ వెనకే ఉండాను చూడరా!" అని అరిచా.

"అక్కా! నిజంగానా?"

ఇంతలో లోపలి ఫ్యాను ఈల వేయటం మొదలుపెట్టింది. ఇల్లంతా గంధం వాసన. అత్త కళ్ళు మూసుకొని కంప్యూటరుకు దండం పెట్టింది.

"ఎంత మంచి వాసన! దేవుడు వచ్చినట్టు ఉండాది."

వచ్చిన దేవుడు కంప్యూటరును తీసుకొనే పోయాడు. తెర నల్లబడింది.

"ఏమండీ, ఇది కాలిపోతా ఉండాదేమో చూడండి!" అని ఆయన్ని కేకేశా. అప్పుడు అత్త మెల్లగా అంది, "ఆ వెండిబిళ్ళకి గంధం మట్టుకే పెట్టినా కన్నూ. అన్నిటికీ గంధం పెట్టి, రెండో చుట్టు కుంకుమతో వస్తే బిళ్ళ కనపడలే. నువ్వే ఎత్తుకున్నావని ఊరికే ఉండా."

నేను బిగించింది దేనిమీదో అప్పుడు అర్థమైంది. విప్పుదామంటే స్క్రూడ్రైవరు పూజపీట మీద, బొట్టుతో పడుకొని ఉంది. బండ్లు నడపొచ్చు కానీ, పూజలో పెట్టిన పనిముట్లు మర్నాటిదాకా ముట్టకూడదు. ఏడుపొచ్చింది.

ఫోను మోగింది. శీను.

"పోయిందా అక్కా? మళ్ళీనా?"

ఉన్నది ఉన్నట్టు చెప్పా. కోపం వస్తుందేమో అనుకున్నా. వాడు నవ్వటం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి దగ్గు వచ్చింది. అమ్మ పోయాక వాడు అట్లా నవ్వటం నేను వినలేదు. ఆ రోజు గంటసేపు మాట్లాడుకున్నాం.

మర్నాడు పూజ ఎత్తాక గంధం తుడిచి అసలు పేస్టు పెట్టా. అప్పటినుంచి కంప్యూటరు ఎక్కడా ఆగటం లేదు. అదే వచ్చిన చిక్కు! ఇంతకుముందు ఒక లోడు దింపాలంటే రెండు గంటలు. నేను బిగుసుకుపోవటం, వాడు కాచుకోవటం, ఆ కాచుకోవటంలోనే మా మాటలన్నీ. ఇప్పుడు అరగంటలో గోడౌను. "సూపర్ అక్కా, వస్తా" అని వాడు లేచిపోతున్నాడు. ఇంత కష్టపడి నేను బాగుచేసుకున్నదేమిటో ఆలోచిస్తే బెంగగా ఉంది.

అందుకే మొన్న శనివారం కొండ ఎక్కుతూ లారీ ఆపేశా. గొంతు దీనంగా పెట్టి, "శీనా, మళ్ళీ బిగుసుకుపోయిందిరా, కొంచెం ఆగు" అన్నా.

ముందు వాడి లారీ బ్రేకు లైట్లు వెలిగాయి.

"సరి అక్కా, నేనూ ఆపేసినా. నిదానంగా చెప్పు, ఏం వంట ఈ రోజు? అయితే ఒకటి అడగతా. హ్యాంగ్ అయిన సిస్టం ఇండికేటర్ వేసి, పక్కకి తీసి, హ్యాండ్‌బ్రేక్ లాగి నిలబడతాదా?"